ఏటి మధ్య ఊగిన చెయ్యి

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి దుర్గకు,

నీ బావ ప్రసన్నకుమార్ దీవిస్తూ రాస్తున్న ఉత్తరం. ఆరోగ్యాల వరకు ఇక్కడ అత్త, హారతి, నేను బాగానే ఉన్నాం. అక్కడి ఎండలకీ ఆ ఇంటి చాకిరీకీ నీ ఒళ్ళు తట్టుకుంటోందనీ, వేళకి ఇంత తింటున్నావనీ అనుకుంటున్నాను.

శుక్రవారం శుక్రవారం ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్ళీ ఈ ఉత్తరం ఏంటి అనుకుంటావు. నువ్వు ఫోన్ పట్టుకున్నంతసేపూ మీ మేడమ్ పిల్లలు చుట్టూ ఉంటారు. ఇక్కడేమో స్పీకర్ పెట్టుకుని అత్త, హారతి నా మోకాళ్ళకి ఆనుకుని కూర్చుంటారు. ఆ కాస్త సేపట్లో కొన్ని మాటలు నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. పావని సెలవు అయిపోయి మస్కట్‌కి తిరిగి వస్తోంది. నీ ఉత్తరం తెచ్చిచ్చిందీ తనే కాబట్టి, దీన్ని కూడా తన చేతికే ఇస్తున్నాను. పావని నీ పక్కన ఉన్నప్పుడే విప్పు. చదివాక కూడా కాసేపు తనని వెళ్ళనివ్వకు.

ముందు నువ్వు అడిగినవాటికి చెప్తాను. హారతికి ముందు పన్ను ఊడింది. ఊడిన పన్నుని నీకు చూపించాలని అగ్గిపెట్టెలో దాచుకుంది. బడికి ఏడవకుండా వెళ్తోంది. నువ్వు పంపిన గౌను మోకాళ్ళ కింద దాకా వస్తుంటే అత్త అంచు మడిచి కుట్టింది. అన్నం పెరుగుతో అయితే తింటోంది. ఈ మధ్య మన ఇంట్లో చేప వండటం లేదు.

అత్త బీపీ మాత్రలు వేసుకుంటోంది. నేను నీళ్ళ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడితే వేసుకుంటోంది. వరద నీరు వంటగదిలోకి వచ్చిన సంగతి నీకు తెలుసు. ఆ గోడ ఇంకా చెమ్మగానే ఉంది, సున్నం పెళ్ళలుగా రాలుతోంది. యానాం రోడ్డులో మన షాపు మటుకు నడుస్తోంది. వరదలో తడిసిన ఫోన్లు సంచుల్లో వేసుకుని తెస్తున్నారు జనం. విప్పితే లోపల ఒండ్రు. చాలావాటిని బాగుచెయ్యలేమని చెప్పి పంపేస్తున్నాను. కొంతమంది ఫోన్ పోతే పోయింది, అందులో ఫోటోలైనా తీసివ్వండి అని బతిమాలుతున్నారు.

ఇక నీ ఉత్తరం చివర అడిగిన మాట. ‘వీడియోలో నాన్న ఊపుతున్నది కుడి చెయ్యా, ఎడమ చెయ్యా బావా? ఎంత పెద్దది చేసి చూసినా తెలియడం లేదు. కుడి చెయ్యయితే భుజం నొప్పి తగ్గినట్టే’ అని రాశావు. అక్కడికొచ్చేసరికి నేను ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను. దానికి జవాబు ఒక్క మాటలో చెప్పలేను దుర్గా. మొదటి నుంచీ చెప్పాలి. నీకు అప్పట్లో ఫోన్లో ముక్కలు ముక్కలుగా తెలిసిందే తప్ప, వరసగా ఎవరూ చెప్పలేదు.

ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని టీవీలో చెప్పిన రోజు. మావయ్య పొద్దున్నే పడవ విప్పుతున్నాడు. ఎదురు లంక కొసన గుంజలకి కట్టి వచ్చిన వల వరదకి పోతుందని ఆయన దిగులు.

“ఇప్పుడొద్దు మావయ్యా. నీరు చూడు, ఎలా ఎర్రబడిందో” అన్నాను.

“ఎర్ర నీరు నాకు కొత్తేంట్రా? మీ అత్త టీ పెట్టేలోపు వచ్చేస్తాను” అన్నాడు.

నువ్వు కొనిపంపిన నీలం చొక్కా వేసుకున్నాడు. చేపల పనికి ఆ చొక్కా ఏంటని అత్త గుమ్మంలోంచి అరిచింది కూడా. ఆయన నవ్వి, తెడ్డుతో ఒడ్డుని ఒక్క తోపు తోసి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి ఆయన పడవ ఒక్కటే బోర్లాపడి కొట్టుకొచ్చి మన రేవు కింద తుమ్మ చెట్టుకి తట్టుకుంది. ఏటిగట్టు మీద ఊరంతా నిలబడింది. వరద డ్యూటీ మీద వచ్చినవాళ్ళు ఆ వడిలో ఇంజను పడవ దింపలేమన్నారు. వాళ్ళని అనడానికి లేదు. వేళ్ళతో సహా పెకలించుకొచ్చిన చెట్లు మన కళ్ళ ముందే దొర్లుకుంటూ పోతున్నాయి. అత్త గట్టు మట్టిలో కూర్చుండిపోయింది. మావయ్యతో చిన్నప్పటి నుంచీ వేటకి తిరిగిన మనిషి చిట్టియ్య బాబాయ్. ఆయనే వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

“ఒరే ప్రసన్నా, నీ దగ్గర డ్రోన్ ఉంది కదరా. అది ఎగరేసి చూడు. మనం పోలేకపోతే దాన్నైనా పంపు.”

నా డ్రోన్ సంగతి నీకు తెలుసు. ఖాళీ వేళల్లో విడి భాగాలు తెప్పించి నేనే బిగించుకున్నది. పడవ పందేలకీ జాతరకీ సరదాగా ఎగరేసి, తీసిన వీడియోలు నీకు పంపేవాడిని. వరదకి కొద్ది రోజుల ముందే అది కొబ్బరి మట్టకి తగిలి కింద పడింది. ఒక రెక్క అంచు చిట్లింది. ఆ వైపు మోటారు ఇరుసు కూడా పిసరంత వంగింది, అది నాకప్పుడు తెలియదు. ఎగురుతోంది కదా, చూద్దాంలే అని ఊరుకున్నాను. ఆ రోజు రెక్క మార్చే తీరిక ఎవరికుంది?

గాలి విపరీతంగా ఉంది. లంక కొస దాకా పంపాను. పగటి వెలుతురులో రిమోట్ మీది చిన్న తెరలో నాకు నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. బ్యాటరీ అడుగంటుతుంటే వెనక్కి తిప్పేశాను. ఇంటికి వచ్చి ల్యాప్‌టాప్‌లో పెట్టాం. వీధిలోవాళ్ళంతా మన వసారాలోకి వచ్చేశారు. బొమ్మంతా గిన్నెలో జున్నులా తొణికిపోతోంది. నీరేదో, మట్టేదో, చెట్టేదో పోల్చుకోవడమే కష్టంగా ఉంది.

అత్తే ముందు చూసింది. “ఆపు. ఆపు బాబూ. అదిగో!”

లంక కొసన, నీళ్ళకి కాస్త పైన, నీలంగా ఒకటి. దాని పక్క నుంచి పైకి లేచిన చెయ్యి. అటూ ఇటూ ఊగుతోంది.

“మీ మావయ్యరా! చెయ్యి ఊపుతున్నాడు! మనల్నే పిలుస్తున్నాడు!”

అందరం చూశాం. చిట్టియ్య బాబాయ్ చూశాడు. వరద డ్యూటీ ఆయన చూసి వెంటనే పైవాళ్ళకి ఫోన్ చేశాడు. నేనూ చూశాను దుర్గా, చూసి వెక్కి వెక్కి ఏడ్చాను. అప్పటికప్పుడే ఆ ముక్క కత్తిరించి నీకు పంపాను. నువ్వు అక్కడ బాత్రూంలో తలుపేసుకుని నూరుసార్లు చూశానని చెప్పావు.

మర్నాడు వాళ్ళు పెద్ద పడవ తెచ్చి వెళ్ళారు. అప్పటికి నీరు ఇంకా పెరిగి లంక కొస పూర్తిగా మునిగిపోయింది. మనిషి లేడు. అయినా ఎవరమూ ఆశ వదులుకోలేదు. నీళ్ళలో పుట్టి పెరిగిన మనిషి, ఆ దుంగో ఈ దుంగో పట్టుకుని పోయుంటాడు, సముద్రం మొగలో ఏ బోటువాళ్ళో ఎక్కించుకునుంటారు, ఫోన్ లేక కబురు చెయ్యలేకపోతున్నాడు అని మాకు మేమే చెప్పుకున్నాం. నీకూ అదే చెప్పాం.

ఇక్కడ నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ వారంలోనే సముద్రం వైపు ఒక ఊరి నుంచి పోలీసులు ఫోన్ చేశారు. ఒడ్డుకి ఒక శవం కొట్టుకొచ్చింది, మీ ఊళ్ళో మనిషి తప్పిపోయాడని విన్నాం, వచ్చి చూడండి అన్నారు. నేను చెప్పులు వేసుకుంటుంటే అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఎక్కడికిరా? బతికున్నవాడి కోసం శవాల్ని చూడ్డానికి పోతావా? నీ కళ్ళతో నువ్వు చూడలేదా, చెయ్యి ఊపడం? ఆ గుమ్మం దాటావంటే నా మీద ఒట్టే.”

ఆమె మాట కాదనలేక ఆగిపోయానని రాస్తే అది సగం నిజమే. నాకూ వెళ్ళాల్సిన పని ఉందనిపించలేదు. వీడియో తీసింది నేను. ఆ చెయ్యి మీద అత్తకి ఎంత నమ్మకమో నాకూ అంతే. మా మనిషి బతికే ఉన్నాడండీ, మా దగ్గర వీడియో ఉంది అని పోలీసాయనకి నేనే ఫోన్లో చెప్పాను. సరేనండీ, మంచిదే కదా అన్నాడాయన.

నీరు తీశాక చిట్టియ్య బాబాయ్, నేను వెతకడం మొదలుపెట్టాం. కాకినాడ హార్బర్‌లో బోటు బోటుకీ వెళ్ళి ఫోన్ చూపించాను. “ముఖమే కనపడట్లేదు కదండీ, ఏ మనిషని చూడమంటారు?” అన్నారు. వాళ్ళ మాటా నిజమే. ఎలాగైనా ఆ ముఖం తేటగా కనపడేలా చేస్తే నాలుగు రేవుల్లో అతికించొచ్చు కదా అని షాపులో ఆ వీడియో ముందేసుకుని కూర్చున్నాను.

బొమ్మ ఎందుకు అలా తొణుకుతుందో నీకు ఎప్పుడూ చెప్పలేదు. మన కెమెరా ఒక బొమ్మని మొత్తం ఒకేసారి తియ్యదు. పై వరస నుంచి కింది వరస దాకా గీత తర్వాత గీతగా చదువుకుంటూ వస్తుంది. ఎంత వేగంగా చదివినా, అది చదివేలోపే కెమెరా వణికితే పై గీత ఒకచోట, కింది గీత ఇంకోచోట పడతాయి. అప్పుడు నిటారుగా ఉన్నది పాములా మెలికలు పోతుంది. రెక్క ఒకటి దెబ్బతిని బరువు సమంగా లేకపోతే మోటారు తిరిగినప్పుడల్లా డ్రోన్ ఒళ్ళంతా సన్నగా అదురుతుంది. కెమెరాని గట్టిగా బిగించి ఉంచితే ఆ అదురు మొత్తం కెమెరాకే చేరుతుంది. అలా పాడైన వీడియోని తర్వాత కంప్యూటర్లో సరిచెయ్యడం దాదాపు అయ్యే పని కాదు. బొమ్మ అటూ ఇటూ జరగడాన్ని ఆపగలిగాను. లోపలి మెలికలు అలాగే ఉండిపోయాయి.

అలా ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ చూస్తుంటే, తెర ఎడమ అంచున సగం మునిగిన కరెంటు స్తంభం ఒకటి కనపడింది. అంతకుముందు ఎవరం అటు చూడలేదు. అందరి కళ్ళూ ఆ నీలం మీదే. స్తంభం ఊగుతోంది దుర్గా. సిమెంటు స్తంభం. చెయ్యి ఎటు వంగితే అది అటే వంగుతోంది, చెయ్యి ఎప్పుడు ఆగితే అదీ అప్పుడే ఆగుతోంది.

షాపు షట్టర్ సగం దించి అలాగే కూర్చుండిపోయాను. ఎవరికీ చెప్పలేదు. ఇంటికి వెళ్తే అత్త కంచం పెడుతూ, “ముఖం తేలిందా బాబూ?” అని అడిగింది. ఇంకా పని ఉందత్తా అన్నాను.

నాకు నేను ఒప్పుకోవడం ఇష్టంలేక, ముందు డ్రోన్‌ని బాగుచేశాను. కొత్త రెక్కలు తెప్పించి ఒక్కోదాన్నీ సన్నటి ఇరుసు మీద నిలబెట్టి చూశాను. ఏ వైపు కిందికి దిగితే రెండో వైపు వెనకాల చిన్న టేపు ముక్క అంటించి, రెండు వైపులా సమంగా నిలిచేదాకా సరిచేశాను. వంగిన మోటారు తీసేసి వేరేది పెట్టాను. కెమెరా కింద మెత్తటి రబ్బరు గుండీలు పెట్టి, అదురు దాని దాకా రాకుండా చేశాను. వదులైన మరలన్నీ బిగించాను. బడి వెనక ఎగరేసి కొత్త కరెంటు స్తంభాల వరసని తీశాను. గీత గీసినట్టు వచ్చింది. అన్నాళ్ళు ఎందుకు చెయ్యలేదా అనిపించేంత తేలిక పని.

ఆ తర్వాత చిట్టియ్య బాబాయ్‌ని తీసుకుని పడవలో లంకకి వెళ్ళాను. ఎందుకో చెప్పలేదు. ఆయనా అడగలేదు. లంక కొస మళ్ళీ బయటపడింది, మోకాలి లోతు ఒండ్రు. అక్కడ గుంజలకి దగ్గరగా ఒక ఎండు చెట్టు మోడు బురదలో కూరుకుపోయి ఉంది. ఎక్కడి నుంచో ఆ వరదకే కొట్టుకొచ్చి, వల తాళ్ళకి చుట్టుకుని ఆగిపోయింది. దాని నడుముకి నీలం ప్లాస్టిక్ బరకం ముక్క చుట్టుకుని ఉంది. పక్క నుంచి ఒక కొమ్మ పైకి లేచి ఉంది. కొసన అయిదారు రెబ్బలు, వేళ్ళలాగా.

నేను ముందు పాత రెక్క, పాత మోటారు మళ్ళీ బిగించి, రబ్బరు గుండీలు తీసేసి ఎగరేశాను. గాలి బొత్తిగా లేదు. కిందికి దించి బాబాయ్‌కి చూపించాను. తెరలో మోడు చెయ్యి ఊపుతోంది. కొత్తవి బిగించి మళ్ళీ ఎగరేసి చూపించాను. కొమ్మ కొమ్మలా నిలబడి ఉంది.

బాబాయ్ ఆ తెర వంకా, ఎదురుగా ఉన్న మోడు వంకా చాలాసేపు మార్చి మార్చి చూశాడు. “ఇంతేనేంట్రా? మనం చూసింది దీన్నేనా?” అన్నాడు. వెళ్ళి ఆ కొమ్మ మీద చెయ్యి వేసి, అక్కడే బురదలో కూలబడిపోయాడు.

కుడి చెయ్యీ కాదు, ఎడమ చెయ్యీ కాదు దుర్గా. అక్కడ మావయ్య లేడు. ఆ రోజు కూడా లేడు.

అక్కడి నుంచి ఇంటికి రాలేదు. ఒడ్డు చేరి, బాబాయ్ బండి మీద నన్ను ఎక్కించుకుని నేరుగా ఆ సముద్రం వైపు ఊరికి తీసుకెళ్ళాడు. స్టేషన్లో అప్పుడు ఫోన్ చేసిన కానిస్టేబులే ఉన్నాడు. నా గొంతు గుర్తుపట్టాడు. “మీకు ఫోన్ చేశాం కదండీ. మీ మనిషి బతికే ఉన్నాడన్నారు కదా” అన్నాడు. కోపంగా అనలేదు. ఎవరూ రాకపోతే ఎన్నాళ్ళని ఉంచుతాం అని మెల్లగా చెప్పుకుంటూ కంప్యూటర్లో ఫోటోలు తీశాడు. ముఖం చూసి చెప్పడానికి లేదు. చొక్కా సగమే ఉంది, నీలం. కుడి మోచేతి లోపల పచ్చబొట్టు ఉంది. పెద్దింట్లమ్మ అని అత్త పేరు, నువ్వు చిన్నప్పుడు వేలితో దిద్దేదానివని మావయ్య చెప్పేవాడే, అది. ఒక్క అక్షరం కూడా చెరగలేదు.

మీ నాన్న పోయాడమ్మా దుర్గా. పడవ తిరగబడిన రోజే పోయాడు. అక్కడివాళ్ళు, పేరు తెలియని మనిషని, సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో పాతిపెట్టారు.

ఇది చదివాక కాగితం కింద పెట్టు. మిగతాది తర్వాత చదువుదువుగాని.

అత్తకి చెప్పడం నావల్ల కాలేదు. ముందు వీడియోలు చూపిద్దామనుకున్నాను. నేలమీద కూర్చోబెట్టి, లంకలో కొత్తగా తీసింది పెట్టాను. మోడు, బరకం, కొమ్మ, అన్నీ తేటగా కనపడుతున్నాయి. ఏదీ కదలడం లేదు. ఆమె దగ్గరికి జరిగి చూసింది.

“ఇదేంటి బాబూ, చెట్టు కదా.”

“అవునత్తా. ఆ రోజు మనం చూసింది ఇదే.”

“కాదు. అందులో ఊపాడు.”

“నా డ్రోన్ వణికిందత్తా. అది వణికితే అన్నీ అలాగే ఊగుతాయి.”

ఆమె తెర మీద కొమ్మ కొసని వేలితో తాకింది. తర్వాత, “ఆ పాతదే పెట్టు ఒకసారి” అంది.

పెట్టాను. చూసింది. మళ్ళీ పెట్టమంది. ఎన్నిసార్లు పెట్టానో నాకు గుర్తులేదు. ఆ పక్కనే బాబాయ్ తువ్వాలు నోట్లో కుక్కుకుని నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూసింది. చూసి ల్యాప్‌టాప్ తనే మూసేసింది.

“ఎక్కడున్నాడు?” అని అడిగింది.

మర్నాడు ముగ్గురం ఆటోలో వెళ్ళాం. తోటలో రెండు చెట్ల మధ్య ఇసుక చూపించాడు కానిస్టేబుల్. గుర్తు కోసం వాళ్ళు పెట్టిన కర్ర గాలివానకి ఎటో పోయింది. ఈ చుట్టుపక్కలేనమ్మా అన్నాడు. ఇసుక అంతా ఒకేలా ఉంది.

“తల ఎటు పెట్టారు బాబూ?” అని అడిగింది అత్త.

“గుర్తులేదమ్మా. ఆ రోజు వాన.”

కావాలంటే అర్జీ పెట్టుకుని మన ఊరికి తీసుకెళ్ళొచ్చు అని కూడా అతనే చెప్పాడు. అత్త తల అడ్డంగా ఊపింది. “వద్దు. చాలా దూరం కొట్టుకొచ్చాడు. మళ్ళీ కదపొద్దు” అంది. అక్కడే కూర్చుని గాజులు తనే తీసి ఇసుకలో పెట్టింది. ఆడవాళ్ళెవరూ పక్కన లేరు. ఏ తంతూ జరగలేదు. నేనూ బాబాయ్ అటు తిరిగి నిలబడ్డాం.

నాన్న పోయిన కబురు కంటే ఎక్కువగా నీకు కోపం వచ్చే మాట ఒకటి ఇంకా ఉంది. పెద్దకర్మ కూడా అయిపోయింది దుర్గా. మేనల్లుణ్ణి, అల్లుణ్ణి, ఆయనకి కొడుకు లేడు కాబట్టి నేనే చేశాను. నీకు చెప్పకుండానే చేశాను. ఆ తర్వాత ప్రతి శుక్రవారం నువ్వు నాన్న కబురేమైనా తెలిసిందా అంటే ఇంకా లేదన్నాను. సిగ్నల్ సరిగ్గా లేదని వీడియో కాల్ చెయ్యనివ్వలేదు. చేస్తే అత్త నుదురు నీకు కనపడుతుంది. నీ పక్కన మనవాళ్ళు ఒక్కరూ లేకుండా, ఆ ఇంట్లో పరాయి పిల్లల మధ్య ఆ మాట నీ చెవిన పడకూడదని, పావని వెళ్ళేదాకా ఆగమని అత్తే అంది. చెప్పినా మీ మేడమ్ పంపదని నేనూ అనుకున్నాను. ఏ కారణం రాసినా, నీ తండ్రి పోయిన సంగతి నీ నుంచి దాచింది నేనే. నీకు ఎంత కోపం వచ్చినా పడతాను.

కోపం అంటే ఇంకొకటి కూడా చెప్పాలి. రెక్క చిట్లడం గురించి నేను నన్ను తిట్టుకోవడం లేదు, దాని వల్ల ఆయన చావలేదు, నాకు తెలుసు. కానీ పోలీసులు పిలిచిన రోజు ఆ చెయ్యి మాకు కనపడి ఉండకపోతే మేం వెళ్ళేవాళ్ళం. మన రేవులో, మనవాళ్ళ మధ్య, పేరున్న మనిషిగా వెళ్ళేవాడు. ఆ ఒక్కటి మింగుడుపడటం లేదు. బాబాయ్‌కి కూడా పడటం లేదు. వేటకి వెళ్ళడం మానేసి రేవులో కూర్చుంటున్నాడు.

హారతికి తాత ఊరెళ్ళాడని చెప్పాం. అది నమ్మలేదు. నమ్మలేదని మాకు తెలియకుండా ఉండటానికి దాని తంటాలు అది పడుతోంది.

నీ ఫోన్లో ఆ పాత వీడియో ఉంది. తీసెయ్యమని నేను చెప్పను, ఉంచుకోమనీ చెప్పను. సరుగుడు తోటని కూడా పై నుంచి తీసి పావని ఫోన్లో వేశాను. అత్తే తియ్యమంది. దుర్గ రాలేదు కదా, దానికి చోటైనా తెలియాలి, వణక్కుండా తియ్యి బాబూ అంది. ఇసుక, చెట్లు, అవతల సముద్రం. చూడాలని ఉన్నప్పుడు పావనిని అడుగు.

ఈ ఉత్తరం రాస్తుంటే అత్త వచ్చి పక్కన కూర్చుంది. ఏం రాశావో చదువు అంది. చదివాను. అంతా విని, మోడు దగ్గర రాసింది మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. తర్వాత, నా మాటగా కూడా రెండు ముక్కలు రాయమంది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

“అమ్మా దుర్గా, అది మీ నాన్న చెయ్యి కాదంట. సరే, కాదు. బావ చూపించాడు, నేనూ చూశాను. కానీ పడవ తిరగబడ్డప్పుడు మీ నాన్న చెయ్యి ఊపే ఉంటాడే. ఊపకుండా ఎందుకుంటాడు? గట్టు కనపడుతూనే ఉంటుంది కదా అక్కడికి. మేమే చూడలేదు. నేను పొయ్యి దగ్గర టీ పెడుతున్నాను.”

ఇట్లు
నీ బావ,
ప్రసన్నకుమార్